వయిత్రి: మా తల్లి స్మృతి

(పద్మశాలి సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



"మన కులమున జన్మించిన మహనీయులు" అను విషయమును గూర్చి ప్రసంగింపవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. వారి యాజ్ఞ నాకు శిరోధార్యము. అయితే మహనీయుల పట్టిక వ్రాయబూనినప్పుడు నాకొక చిక్కు తోచినది. గడచిన నాలుగు సంవత్సరముల సంచికలను ముందుంచుకొని పుటలు త్రిప్పితిని. దాతలు, సంఘాధ్యక్షులు, న్యాయవాదులు, సత్రములు కట్టించినవారు, అందరును పూజ్యులే. వారి ఛాయాపటములును గలవు. ఆ నాలుగు సంచికలలోను స్త్రీల పేర్లు రెండు తావులందే కనబడినవి. అవియు ప్రకటనలలో, వస్త్రాలయముల పేర్లుగా. కావున నేడు నేనొక స్త్రీని గూర్చి చెప్పదలచితిని. ఆమె సత్రము కట్టింపలేదు. సభ నధిష్ఠింపలేదు. సంతకము చేయుటయు నామెకు రాదు. ఆమె మా తల్లి.

స్వకుటుంబ ప్రశంస సభలయందు తగదని పెద్దలందురు. ఆ యాక్షేపణకు సమాధానము ప్రసంగమునందే దొరకునని నా నమ్మకము. ఇంకొక మాట. తండ్రిని బహువచనమునను, తల్లిని ఏకవచనమునను చెప్పుట మన భాషలోని వాడుక. నలువదేండ్లు వ్యాకరణము చెప్పినవాడనైనను దాని నీపూట మార్చబూనను. తల్లిని "వారు" అన్నచో నాకామె పరాయిదైనట్లుండును.

ఆమె పుట్టినిల్లు పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబా భావేగారు ఆ యూర భూమిలేనివారికై యడుగగా వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరములు దానమిచ్చిరనియు, నాటినుండియే భూదానోద్యమము మొదలయ్యెననియు మీ రెల్లరు నెరుగుదురు. అప్పటికి మా తల్లి తొమ్మిదేండ్ల బాలిక. అంతటి ఘట్టము కన్నులయెదుట జరిగినది గదా, యేమి చూచితివని మనుమలడిగినపుడు, "మంది మస్తుగ వచ్చిన్రు. అందరివి తెల్లబట్టలే. ఒక్కదానికి అంచు లేదు" అనెడిది. అంతకుమించి ఆమె ఏమియు చెప్పగా నేను వినలేదు. అంచు లేని వస్త్రము ఆమె దృష్టిలో పూర్తికాని వస్త్రము.

కాపురమునకు వచ్చిన పిమ్మట ఆమె బ్రదుకెల్ల మా యింటి వసారాలోనే గడచినది. నాయనగారు గుంటమగ్గముపై కూర్చుండి నాడె యాడించెడివారు. చేయి తిరిగిన నేతగాడని చుట్టుప్రక్కల ఊళ్ళలో వారికి పేరు. ఆ పేరు న్యాయమైనదే. అయితే ఆ మగ్గమునకు కండె యందుటకు ముందు జరుగవలసిన పని యంతయు మా తల్లిది. ఈ సభలో మగ్గమెక్కని యువకులు పలువురున్నారు గాన కొంచెము వివరించెదను. తెలిసిన పెద్దలు మన్నింతురుగాక.

ఆసు అనునది యొక కొయ్య చట్రము. ఒకవైపున నొక మేకు, దాని కెదురుగ నర్ధచంద్రాకారముగ మేకుల వరుస. పేకనూలును ఈ మేకునకును ఆ మేకులకును నడుమ చేతితో త్రిప్పుచు పోయవలెను. ఒక్క చీరకు చేయి సుమారు 9000 పర్యాయములు పోయి రావలెనని లెక్క. నాలుగైదు గంటల పని. ఆలేరు ప్రాంతమునందలి శారాజీపేట వాస్తవ్యులు చింతకింది మల్లేశంగారు తమ తల్లి లక్ష్మిగారి భుజముల నొప్పి చూడలేక, ఏండ్లకొలది శ్రమించి 1999లో ఈ పనికొక యంత్రము కూర్చిరి. దానికి లక్ష్మీ ఆసుయంత్రమని తల్లి పేరే పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించినది. కొడుకు తల్లికి కట్టిన ఆ స్మారకము పాలరాతి విగ్రహముకన్న మేలైనదని నా యభిప్రాయము. ఆ యంత్రము మా యూరు చేరునాటికి మా తల్లి కుడిభుజము పైకి లేచుట మానినది. ఆమె దానిని చాలసేపు పరీక్షించి, "మంచిగనే ఉన్నది. కని నడుమ ఆగి ఆలోచన చెయ్యదు" అన్నది.

ఆసు దిగిన నూలుకట్టలపై బొగ్గుతో గురుతులు పెట్టి చిటికి కట్టవలెను. తెలుపు నిలువవలసినచోట మొదట బిగించి కట్టి లేతరంగున ముంచుదురు. ఆ లేతరంగు నిలువవలసినచోట మరల కట్టి ముదురురంగున ముంచుదురు. కట్టుటకు మా తల్లి పాత సైకిలు ట్యూబులను సన్నని పట్టీలుగ కోసికొనెడిది. వానికై సైకిలు దుకాణమువానితో ఆమె చేసిన బేరములు ఊరెల్ల నెరుగును. ఇందలి కష్టము వ్రేళ్ళయందు గాదు, బుద్ధియందు. చిత్రకారుడు గుడ్డపై బొమ్మ వ్రాయును, తప్పినచో దిద్దును. చిటికి కట్టునది యింకను నేయని వస్త్రముపై బొమ్మను, ముక్కలుముక్కలుగ నూలుకట్టలలో, రంగుల క్రమమును తలక్రిందు చేసికొని, ముందుగనే చూడవలెను. మగ్గముపై నేతగాడు ఒక పోగు నటునిటు సవరింపగలడు గాని కట్టనియేనుగును తేలేడు. ఏనుగు నాయనగారి మగ్గముపై పుట్టినదని ఊరివారనిరి. అది అంతకు పదిదినములు ముందే వసారాలో పుట్టినది.

ఆమెకు కాగితము తెలియదు. తెల్లవారుజామున వాకిట చుక్కల ముగ్గు పెట్టెడిది. చూచువారికది ముగ్గు. ఆమెకు మాత్రము క్రొత్త నమూనాకు చేయు ప్రయత్నము. చుక్కకు చుక్కకు నడుమ నుండు గడి యొక కట్టు. ఒకనా డేడు చుక్కలు, మరునాడు పదునైదు, ఆ మరునాడు మూల నొక చిలుక చేరును. ప్రొద్దెక్కునప్పటికి పశువులు త్రొక్కి చెరిపెడివి. నచ్చిన ముగ్గును మాత్రము ఆమె చెరిపోనీయక, ఒక దారపు త్రాటిపై ముడులుగ వేసికొనెడిది. పెద్దముడి యనగా అంచు. చిన్నముడి యొక కట్టు. రంగు మారుచోట ఆ రంగు పోగు నొక చుట్టు. ముడులకు నడుమ ఖాళీయే లెక్క. ఇట్టి త్రాళ్ళు వసారాలో మేకునకు వ్రేలాడుచుండెడివి. నేను పాఠశాలనుండి తెచ్చిన రఘువంశమును కూడ ఆమె ఆ మేకు క్రింది గూటిలోనే పెట్టించినది. పుస్తకములన్నియు నొకచోట నుండవలెనట!

మన కులపురాణము చెప్పు కూనపులివారు చేర్యాల నకాషీలు వ్రాసిన పటముతో మా యూరు వచ్చెడివారు. భావనాఋషి తామరతూండ్ల దారముతో దేవతలకు వస్త్రములు నేసిన కథను, పటము విప్పుచు రాత్రులు గానము చేసెడివారు. ఊరివారు కథను వినెడివారు. మా తల్లి పటమును చూచెడిది. ఋషి యెక్కిన పులిని చిటికిలో కట్టవలెనని ఆమె కొకయేడు పట్టుదల కలిగినది. పులి చారలు ఆసుపై కట్టుట యెంత దుస్సాధ్యమో యెరిగినవారు వలదనిరి. కట్టినది. నేసి చూడగా పులి ముఖము పిల్లిముఖమై వచ్చినది. మనుమలు పడిపడి నవ్విరి. "పిల్లిచీర" అని దానికి పేరు స్థిరపడినది. ఆమె దాని నమ్మనీయలేదు. పండుగలకు తానే కట్టుకొన్నది. "ఋషి బరువుకు పులి చిక్కింది" అని సమాధానము.

ఆ కథలోనే భావనాఋషి ధర్మపత్ని భద్రావతీదేవి సూర్యుని కుమార్తె యని వినుచున్నాము. ఆ మహాతల్లి మగ్గముచెంత ఏమి చేసినదో నేను విన్న కథకులలో నెవ్వరును చెప్పలేదు. మా తల్లి యొకసారి కథకు నడుమ లేచి, "అయితే కండెలు ఎవరు చుట్టిన్రు?" అని యడిగినది. సభ నవ్వినది. కథకుడును నవ్వి పటమును తరువాతి బొమ్మకు విప్పెను.

ఆమెలో కష్టముగూడ నుండెడిది. దానిని దాచి పొగడుట స్మృతికి న్యాయము గాదు. ఒకే నమూనాను పదేపదే కట్టుట ఆమెకు గిట్టదు. ఒక సావుకారు నలువది చీర లొకేరీతిగ కావలెనని నూలిచ్చెను. ఎనిమిది చీరలవరకు ఓర్చినది. తొమ్మిదవ చీరనుండి అంచున చిలుకలను వెనుకకు త్రిప్పినది. పండ్రెండవదానిలో వానికి పండ్లిచ్చినది. సరుకు తిరిగివచ్చినది. ఆ నెల మా యింట జొన్నగటుకయే మూడుపూటల భోజనము. నాయనగారు ఆమెతో పదిదినములు మాటలాడలేదు. కోపము వారిది న్యాయమే; ఆకలి అందరిది. అయినను ఆ పండ్ల చిలుకల చీరలను తరువాతి యేట వేరొక వర్తకుడు ఎక్కువ ధర కడిగి తీసికొన్నాడు. ఇందెవరిది ఒప్పో నిర్ణయించుట నా చేతగాదు. చేతిలో కళ యుండి యింట గింజలు లేని కాపురములు మనలో నెన్నియో గలవు గనుక మీకే విడుచుచున్నాను.

బతుకమ్మ పండుగ యామె కసలైన పండుగ. రంగుతొట్టెలలో మిగిలిన రంగుల నెల్ల దాచియుంచి గునుగుపూలను ముంచెడిది. తంగేడు పసుపు దానికదే గలదు. గునుగు తెలుపు మాత్రము ఆమె యిష్టము వచ్చిన రంగగును. వరుసపై వరుస పేర్చుచు పైకి సన్నగిలు ఆ పూలగోపురమును చెరువున విడుచునపుడు తక్కిన స్త్రీలు పాడుచుండగా ఆమె నీటిపై విడిపోవు వరుసలను లెక్కించెడిది. అందుండి పుట్టినది "బతుకమ్మ వరుస" యను నమూనా: కొంగున వెడల్పుగ మొదలై పైకి పోనుపోను ఇరుకగు పూలవరుసలు. ఆమె త్రాళ్ళలో అన్నిటికన్న పొడవైన త్రా డిదియే. ఆ చీర మిక్కిలి వన్నెకెక్కినది. కొన్నియేండ్లకు పట్టణమున నొక ప్రదర్శనమునందు అద్దాలపెట్టెలో నేనా నమూనాను చూచితిని. క్రింద నొక చీటి. దానిపై ఒక దుకాణము పేరు, ఆ యజమాని కల్పించిన నమూనా యనియు వ్రాత. ఆ పేరు చెప్పుట నా యుద్దేశము గాదు. ఇంటికి వచ్చి చెప్పగా ఆమె యడిగిన ప్రశ్న యొక్కటే: "నాలుగో వరుసల కట్ల రంగు సరిగ పడ్డదా?"

ఆమెకు కోపము రాలేదని మీరు తలపవలదు. కోపము వేరొకచోట వచ్చినది. 1995-96 చేనేత గణనకు లెక్కలు వ్రాయువారు మా యింటికి వచ్చిరి. నేతపని చేయువారెవ్వరని యడుగగా నాయనగారు, "నేసెటోన్ని నేనే. ఆమెది ఇంట్ల పని" అనిరి. వారట్లే వ్రాసికొనిపోయిరి. మా తల్లి లోపలినుండి వచ్చి, "గట్లయితె రేపటి కండెలు నువ్వే చుట్టుకో" అన్నది. మూడుదినములు మగ్గము పలుకలేదు. నాలుగవనాడు నాయనగారు రాట్నముముందు కూర్చుండిరి. పట్టిన పోగెల్ల తెగినది. వసారాలో నవ్వు వినబడినది. మరునాటినుండి నాయనగారు ఎవ్వరేమడిగినను, "మేమిద్దరం నేస్తం" అని చెప్పుట మొదలిడిరి. కాని గణనపుస్తకము వెళ్ళిపోయినది గదా. అంతకు ముందే ఒక సహకార సంఘమున ఆమె సభ్యత్వమునకు వేసిన యర్జీ, ఒక యింటి కొక పేరు చాలునని తిరిగివచ్చినది. ఆ సంఘమువారు దుష్టులు గారు. అందరు నట్లే తలచుకాలమది.

2019-20లో జరిగిన నాలుగవ చేనేత గణనమున దేశమున నేతవారు, అనుబంధ పనులవారు కలిసి 35 లక్షల 22 వేలమంది యనియు, అందు వయోజనులలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే యనియు తేలినది. ఇందు ఈశాన్య రాష్ట్రముల స్త్రీల సంఖ్య పెద్దది. అచ్చట నేత స్త్రీల పనియే. మనవైపున ఇంటింట ఎవరు చెప్పినది వ్రాసికొనిరో నాకు తెలియదు. మా తల్లి 2018లోనే కాలము చేసినది. ఆ లెక్కలో ఆమె ఏ గడిలోను లేదు.

సంస్కృతము చదివినవాడను గనుక ఆ మాట యొకటి చెప్పక పోజాలను. అమరసింహుడు మన వృత్తివారికి తంతువాయుడు, కువిందుడు అను పేర్లు చెప్పినాడు. రెండును పుంలింగములు. పాఠశాలలో పిల్లలచే అదే వల్లె వేయించితిమి. కాని అమరమునకు మిక్కిలి పూర్వమైన వేదవాఙ్మయమున నడచినచో వేరొక దృశ్యము కనబడును. ఋగ్వేద పంచమమండలమున తల్లులు కుమారునికై వస్త్రములు నేయుచున్నారని చెప్పు ఋక్కొకటి గలదు. షష్ఠమండలమున ఒక ఋషి తనకు పడుగును తెలియదు, పేకయు తెలియదని విలపించును. తెలియని వాడు ఋషి, తెలిసినవారు తల్లులు! పంచవింశబ్రాహ్మణమున "వయిత్రి" యను పదమే యున్నది. నేయు స్త్రీ యని యర్థము. ఇంత చక్కని పదము పుట్టి, వాడువారు లేక మూలబడినది. "అవ్వా, నీకు వేదములో పేరున్నది" అని నేను చెప్పగా, "ఏమని?" అన్నది. చెప్పితిని. రెండుమారులు పలికి చూచుకొని, "మంచిగున్నది. పాసుబుక్కుల రాస్తరా?" అని యడిగినది.

చివరి యేండ్లలో ఆమె కన్నులు మసకబారినవి. చిటికి మానినది. అప్పుడే ఆమె నాయనమ్మగ పూర్తిగ మాకు దక్కినది. చిరిగిన చీరలతో మనుమలకు బొంతలు కుట్టెడిది. అందుగూడ ఏ ముక్క ప్రక్క ఏ ముక్క యనునది వ్రేళ్ళతో తడిమి నిర్ణయించెడిది. పూటకొక క్రొత్తకథ, నిన్నటి కథను మరల చెప్పుమన్న చెప్పదు. నమూనాలవలెనే!

నా కుమార్తె అప్పుడు పట్టణమున చదువుకొనుచు సెలవులకు వచ్చెడిది. ఒక వేసవిలో అది ఆ త్రాళ్ళను మేకునుండి దించి నాయనమ్మ యొడిలో పెట్టినది. "చదువు, నాయనమ్మా" అన్నది. కన్నులు కనబడని యామె ముడులపై వ్రేళ్ళు నడపుచు, "రెండు తెలుపు, ఒకటి ఎరుపు, ఇడువు... మళ్ళ రెండు" అని చెప్పుచుండ, పిల్ల గళ్ళకాగితముపై నింపుచుండెను. మధ్యమధ్య, "ఇదేం నమూనో యాదికొస్తలేదు, నింపు చూద్దాం" అనెడిది. నిండిన కాగితమును పిల్ల వర్ణించి చెప్పగా, "ఓ, అదా! నీ మేనత్త పెండ్లినాటిది" అని ఆ యేటి సంగతులెల్ల చెప్పెడిది. మా యింటి చరిత్ర నా కట్లు తెలిసినంత వేరొకవిధమున తెలియలేదు. మొత్తము 23 త్రాళ్ళు. రెండు వేసవులలో 14 చదువబడినవి. మూడవ వేసవికి ఆమె లేదు.

మిగిలిన తొమ్మిదింటిని నా కుమార్తె తానుగా చదువ యత్నించుచున్నది. కొన్నిచోట్ల మా కర్థముగాని ముడులు గలవు. జోడుముడి వేసి తోక విడిచిన గురు తొకటి పలుమారులు వచ్చును; అది రంగో, కొలతో, లేక ఆనాటి యే సంగతియో తెలియదు.

ఇందుచేతనే నేనీ విషయమును సభముం దుంచితిని. మా తల్లివంటివారు మీ యిండ్లలో లేరని నేననుకొనను. పోచంపల్లి ఇక్కతునకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. పుట్టపాక తేలియా రుమాలునకు 2020లో వచ్చినది. ఊళ్ళ పేర్లు పత్రములకెక్కినవి, సంతోషమే. ఆ ఊళ్ళలో ఏ నమూనాను ఎవరు కట్టిరో చెప్పగలవారు మాత్రము ఏటేట తగ్గుచున్నారు. వచ్చు సంవత్సరపు సంచికలో దాతల పట్టిక ప్రక్క నాలుగు పుటలు విడువుడని కార్యవర్గమువారిని కోరుచున్నాను. ఊరి పేరు, ఆసు పోసి చిటికి కట్టిన యామె పేరు, ఆమె కల్పించిన నమూనా పేరు: ఇంత చాలును. ఛాయాపటము లేకున్న లేకపోనిండు. ముద్రణవ్యయము ఎక్కువగునని కోశాధికారిగారు నావైపు చూచుచున్నారు. ఆ నాలుగు పుటల వ్యయము నా యుపకారవేతనమునుండి ఇచ్చెదను. పేర్లు వ్రాసికొనుటకు ద్వారముకడ నొక పుస్తకము పెట్టించితిని. తమ పేరు చెప్ప సంకోచించు తల్లుల పేర్లను కొడుకులు, కోడండ్రు, మనుమరాండ్రు వ్రాయింపుడు.

వేదిక కెడమప్రక్క బల్లపై పిల్లిచీరను, బతుకమ్మ వరుస చీరను పరచియుంచితిమి. చేతితో తాకి, వెనుకకు త్రిప్పియు చూడవచ్చును. ఇక్కతునకు రెండువైపు లొకటియే. వాని ప్రక్కనున్న తొమ్మిది త్రాళ్ళను మాత్రము ఎత్తవలదని మనవి. ముడి జారినచో తిరిగి వేయువారు లేరు. జోడుముడి వేసి తోక విడుచు పద్ధతి తమ యింట పెద్దలయొద్ద చూచినవారెవ్వరైన నున్నచో దయచేసి అక్కడ కూర్చున్న మా యమ్మాయికి చెప్పుడు. మధ్యాహ్న భోజనమువరకు ఆమె అచ్చటనే యుండును.